పసుపు చుక్క లేని బోల్టు

మార్చి 6, ఆదివారం

బాడీ కూర్చుంది. నలుగురం మోశాం: టెరీ, అతని భార్య లినెట్, నెవిల్, నేను. ఫైబర్‌గ్లాసే కదా, బరువేమీ లేదు. అయినా పొంగబోతున్న పాలగిన్నెను పట్టుకున్నట్టు ఊపిరి బిగబట్టి తెచ్చి చాసిస్ మీద దించాం. ఇన్నాళ్లూ ఇనుప చట్రంలా ఉన్నది ఒక్కసారిగా కారైపోయింది. అరవైలలో రేసులు గెలిచిన ఓపెన్ టూ సీటర్‌కి నకలు. అసలుది కావాలంటే మా వీధి వీధంతా అమ్ముకోవాలి. ఇది విడి భాగాలుగా పెట్టెల్లో వచ్చింది, మేమే కట్టుకుంటున్నాం. ఇంజన్ మాత్రం టెరీ పాత కారుది.

టెరీ నా తమ్ముడు. బస్సు డ్రైవర్. పొద్దున బడిపిల్లల ట్రిప్పు, తర్వాత టౌన్ ట్రిప్పు. ఉండేది ఫ్లాట్‌లో, గ్యారేజీ లేదు. అందుకని కారు అతనిది, గ్యారేజీ నాది. బోల్టులు కూడా నావే. అతనికి వైరింగ్, ఇంజన్ అంటే ప్రాణం. బోల్టులు బిగించే ఓపిక మాత్రం లేదు. నాకు అదే ఇష్టం. కుర్చీలకీ సోఫాలకీ గుడ్డ మార్చడమే బతుకుగా ఉన్నదాన్ని, చేత్తో చేసే పని ఏదైనా తొందరపడి చెయ్యను. బోల్టు పూర్తిగా బిగించాక దాని మీద పసుపు పెయింట్ పెన్‌తో చుక్క పెడతాను. చుక్క ఉంటే బిగిసినట్టు. టెరీ దాన్ని గ్లెండా సంతకం అంటాడు.

లినెట్ కారులో కూర్చుని, ఇందులో నా షాపింగ్ బ్యాగు ఎక్కడ పెట్టుకోవాలయ్యా అని అడిగింది. ఒళ్లో పెట్టుకో అన్నాడు టెరీ. మరి నిన్ను ఎక్కడ పెట్టుకోను అంది. ముప్పై ఏళ్ల కాపురం, ఇంకా ఇలాగే ఉన్నారు.

ఏప్రిల్ 27, బుధవారం

పాస్! పాస్! కారు రోడ్డెక్కాలంటే పాసవ్వాల్సిన ప్రభుత్వం వాళ్ల టెస్ట్‌కి టెరీ, నెవిల్ ట్రెయిలర్ మీద తీసుకెళ్లారు. నెవిల్ మా కిట్ కార్ క్లబ్బులో పెద్దాయన, రిటైరైన ఇంజనీరు. టెస్ట్ చేసినతను కారు కిందికి టార్చ్ వేసి, ఈ పసుపు చుక్కలు పెట్టిందెవరు అని అడిగాడట. మా అక్క అన్నాడట టెరీ. మీ అక్కని మా దగ్గరకి ఉద్యోగానికి పంపండి అన్నాడట. టెరీ ఆ మాట నాకు మూడుసార్లు చెప్పాడు. నేను మూడుసార్లూ మొదటిసారి విన్నట్టు విన్నాను.

మే 12, గురువారం

నంబర్ ప్లేట్ వచ్చింది. టెరీ బిగించి, సీట్లో కూర్చుని, మోకాలు స్టీరింగ్ గొట్టానికి తగులుతోంది గ్లెన్ అన్నాడు. గొట్టాన్ని కొంచెం పైకి లేపాలి. దానికి కింద జాయింట్ బోల్టు తీసి, లేపి, మళ్లీ వెయ్యాలి. రేపు నేను చేసిపెడతాను, నువ్వు డ్యూటీకి పో అన్నాను.

మే 13, శుక్రవారం

మిసెస్ హెబుల్‌వైట్ గుడ్డ మార్చమని నాకిచ్చిన రెక్కల కుర్చీ తీసుకెళ్లడానికి వచ్చింది. మా నాన్న ఇప్పుడే ఇందులోంచి లేచి వెళ్లినట్టుంది అని ఏడ్చింది. మీ చేతుల్లో దేవుడున్నాడు డక్ అంది. మా ఊళ్లో అందరూ అందర్నీ ముద్దుగా డక్ అంటారు, అయినా ఆ పక్కన దేవుడు చేరేసరికి నేను ఒక అడుగు ఎత్తు పెరిగాను. టీ ఇచ్చాను, కేక్ కోశాను, పాత పనుల ఫోటోలన్నీ చూపించాను. చాలాసేపు కూర్చుంది.

స్టీరింగ్ పని కూడా అయిపోయింది. బానెట్ మూసేశాను.

మే 15, ఆదివారం, ఉదయం

ఎండ కాస్తోంది. టెరీ వచ్చాడు. మెడకి మా నాన్న స్కార్ఫ్. రా గ్లెన్, మొదటి రైడ్ ఇద్దరం వెళ్దాం అన్నాడు. నేను స్టూల్ ఒకటి పూర్తి చెయ్యాలి, నువ్వెళ్లిరా అన్నాను. నిజానికి నాకు వీధి గుమ్మంలో నిలబడి అది వెళ్తుంటే చూడాలని ఉంది. చూశాను. మలుపు తిరిగేదాకా చూశాను. పక్కింటివాళ్లు కిటికీ తెరిచి చప్పట్లు కొట్టారు.

అదే రోజు

లినెట్ ఫోన్ చేసింది. కొండ రోడ్డు మీద యాక్సిడెంట్. ఆసుపత్రికి వెళ్తున్నాను.

మే 16, సోమవారం

బతికాడు. భుజం దగ్గర కాలర్ ఎముక విరిగింది, తలకి దెబ్బ, పక్కటెముకలు రెండు. రాతి గోడ పగలగొట్టుకుని గొర్రెల మేతలోకి దూసుకుపోయాడు. గొర్రెలకేం కాలేదు. పోలీసులు వచ్చి, ఇంకెవరికీ దెబ్బ తగల్లేదని రాసుకుని వెళ్లిపోయారు.

టెరీకి ఏమీ గుర్తులేదు. కొండ ఎక్కడం గుర్తుంది, లార్క్ పిట్ట పాడుతుంటే విన్నానంటున్నాడు. తర్వాత అంబులెన్స్. మధ్యలో ఖాళీ.

ఆ దారిన కుక్కతో నడుస్తున్న ఒకావిడ చూసిందట. మలుపు దగ్గర కారు తిరగనేలేదు, తిన్నగా గోడ మీదికి పోయింది, అతను అలా ముందుకి చూస్తూ కూర్చున్నాడు అని చెప్పిందట. డాక్టర్లు దాన్ని పట్టుకున్నారు. స్పృహ తప్పి ఉంటుందంటున్నారు.

మే 18, బుధవారం

నెవిల్ ట్రెయిలర్ మీద కారు తెచ్చి నా గ్యారేజీలో దించాడు. ముందు భాగం లేదు. అతను టోపీ తీసి, మనిషి దక్కాడు కదా అమ్మాయ్, ఇది ప్లాస్టిక్ అన్నాడు.

నేను లోపలికి పోలేదు.

మే 19, గురువారం

ఇవాళ వెళ్లాను. ముందు చక్రాలు సరిచేద్దామని స్టీరింగ్ పట్టుకుని తిప్పాను. గిర్రున తిరిగింది. చక్రాలు కదల్లేదు.

టార్చ్ తీసుకుని కింద పడుకున్నాను. జాయింట్ ఊడి పక్కకి వేలాడుతోంది. బోల్టు ఉండాల్సిన చోట బోల్టు లేదు. బెజ్జం ఉంది. విరగలేదు, వంగలేదు, చిరగలేదు. శుభ్రమైన బెజ్జం. దాని చుట్టూ ఉన్న బోల్టులన్నింటి మీదా పసుపు చుక్కలున్నాయి.

శుక్రవారం నేనేం చేశానో క్షణం క్షణం గుర్తొచ్చింది. గొట్టం లేపాను. బోల్టు దూర్చాను. నట్టు వేళ్లతో రెండు చుట్లు తిప్పి, ఎత్తు సరిపోయిందో లేదో చూశాక స్పానర్ వేద్దామనుకున్నాను. అప్పుడు తలుపు గంట మోగింది. తర్వాత కుర్చీ. కేక్. ఫోటోలు. దేవుడు. ఆవిడ వెళ్లాక పాట పాడుకుంటూ వచ్చి బానెట్ మూశాను.

టెరీ స్పృహ తప్పలేదు. టెరీ స్టీరింగ్ తిప్పాడు. కారు తిరగలేదు.

మే 20, శుక్రవారం

చెబుదామని వెళ్లాను. చెప్పలేదు. అతను నిద్రపోతున్నాడు. నిద్ర లేచాడు కూడా. అప్పుడూ చెప్పలేదు.

మే 26, గురువారం

లైసెన్స్ వెనక్కి పంపించెయ్యమన్నారు. కారణం తెలియకుండా స్పృహ తప్పిన మనిషికి కారే ఇవ్వరు, ఇక బస్సెవరిస్తారు? పరీక్షలు చేస్తారట. పరీక్షల్లో ఏమైనా తేలనీ, తర్వాత చెబుతాను. ఈ వాక్యం రాస్తున్నప్పుడే ఇది పిరికిదాని వాక్యమని తెలుస్తోంది. అయినా రాశాను.

జూన్ 5, ఆదివారం

టెరీ ఇంటికొచ్చాక మొదటిసారి నా దగ్గరకి వచ్చాడు. లినెట్ దింపి వెళ్లింది. గ్యారేజీలో కారు ముందు స్టూల్ మీద కూర్చున్నాడు. చెయ్యి మెడకి కట్టి ఉంది. ఇద్దరికీ బేకన్ పెట్టిన గుండ్రటి రొట్టె, కాబ్, చేశాను, అతను ఒంటిచేత్తో తిన్నాడు.

అప్పుడు ఒక మాట అన్నాడు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"మంచిదే అయింది గ్లెన్. ఇది మన కారులో జరగబట్టి సరిపోయింది. మర్నాడు సోమవారం. వెనకాల నలభై మంది పిల్లలుండేవాళ్లు. ఈ కారే వాళ్లని కాపాడింది."

నాకు కాబ్ ముద్ద గొంతులో అడ్డం పడింది. దగ్గాను. అతను లేచి, బాగున్న చేత్తో నా వీపు తట్టాడు.

జూన్ 11, శనివారం

రాయడానికే సిగ్గుగా ఉంది. అందుకే రాస్తున్నాను.

నెవిల్ ఫోన్ చేసి, పనికొచ్చే భాగాలేమైనా విప్పుదాం, వచ్చే వారం వస్తానన్నాడు. నేను గ్యారేజీకి పోయి, జాయింట్ మళ్లీ గొట్టానికి ఎక్కించి, డబ్బాలోంచి కొత్త బోల్టు తీసి వేశాను. పూర్తిగా బిగించాను. ఈసారి తలుపు గంట మోగలేదు. బిగించాక చెయ్యి దానంతట అదే పెయింట్ పెన్ కోసం వెళ్లింది. చుక్క పెట్టాను.

నా సంతకం.

జూన్ 18, శనివారం

నెవిల్ వచ్చాడు. రేడియేటర్, లైట్లు విప్పాడు. కిందికి వంగి చాలాసేపు చూశాడు. లేచి, చేతులు తుడుచుకుని వెళ్లిపోయాడు. ఏం చూశావని నేను అడగలేదు.

జులై 14, గురువారం

స్కానింగులన్నీ బాగానే ఉన్నాయి. మెదడు బాగుంది, గుండె బాగుంది. నేను సంతోషపడబోయాను. లినెట్ ఫోన్‌లో ఏడుస్తోంది. కారణం దొరికితే మందు ఇచ్చేవాళ్లం, దొరకలేదు కాబట్టి మళ్లీ ఎప్పుడైనా రావచ్చు అన్నారట.

లేని జబ్బు దొరకలేదు. దొరకలేదు కాబట్టి ఇంకా పెద్ద జబ్బయింది.

జులై 23, శనివారం

లినెట్ ఒక్కతే వచ్చింది. కూర్చోలేదు. గుమ్మంలోనే నిలబడి, తప్పుగా అనుకోకు గ్లెండా, కారులోనే ఏదైనా లోపం ఉండే అవకాశం ఉందా అని అడిగింది. ఆ ప్రశ్నలో నన్ను తప్పు పట్టడం లేదు. కారు తప్పయితే తన మొగుడు బాగున్నట్టు. అంతే ఆమె ఆశ.

నేను నోరు తెరిచాను. ఆమె నా మొహం చూసి గబగబా, టెరీతో కూడా అన్నాను, నా మీద మండిపడ్డాడు, గ్లెన్ బిగించిన బోల్టు ఊడటమా, సూర్యుడు ఊడి కింద పడతాడు గానీ అది ఊడదు అన్నాడు, నన్ను క్షమించు, నిన్ను అలా అడగకూడదు అంది. నన్ను కౌగిలించుకుంది. ఆమె జుట్టులో తను పనిచేసే మందుల షాపు వాసన.

నేను తెరిచిన నోరు మూసుకున్నాను.

ఆగస్టు 21, ఆదివారం

మనవరాలి పుట్టినరోజు. టెరీ కూతురి కూతురు, రెండేళ్లు. తాతా ఎత్తుకో అని చేతులు చాపింది. టెరీ ఎత్తుకోలేదు. ఎముక ఎప్పుడో అతుక్కుంది. నేల మీద కూర్చుని, నువ్వే రా, కిందికి రా, తాత కిందే ఉంటాడు అన్నాడు. ఎత్తుకుని ఉండగా స్పృహ తప్పితే? అది అతను పైకి అనలేదు. లినెట్ చెప్పింది. మెట్లు కూడా గోడ పట్టుకుని దిగుతున్నాడట. స్నానానికి తలుపు గడియ పెట్టుకోవడం లేదట. డిపోలో బస్సులు కడిగే పనికి వేశారు. నడిపినవాడు కడుగుతున్నాడు. తోటి డ్రైవర్లు జోకులు వేస్తే నవ్వుతున్నాడట.

నేను అతని చేతుల్లోంచి బస్సు ఒక్కటే లాక్కోలేదు.

ఆగస్టు 27, శనివారం

చెప్పాను.

వాళ్ల ఫ్లాట్‌లో, వంటగదిలో, ముగ్గురం టీ తాగుతూ. ముందు వెనకా లేకుండా చెప్పాను. నువ్వు స్పృహ తప్పలేదు టెరీ, నేను స్టీరింగ్ బోల్టు బిగించలేదు అన్నాను.

నేను దేనికైనా సిద్ధపడి వెళ్లాను. ఒక్కదానికి సిద్ధపడలేదు. టెరీ నవ్వాడు.

"నీ చిన్నప్పటి బుద్ధి పోలేదే! నేను పగలగొట్టిన కిటికీలన్నీ నువ్వు పగలగొట్టినట్టు అమ్మకి చెప్పేదానివి. నా లైసెన్స్ కోసం ఇప్పుడు ఇది కూడా నీ నెత్తిన వేసుకుంటావా? వద్దులే తల్లీ."

లేదు టెరీ, నిజం, బోల్టు లేదు అక్కడ అన్నాను. నిన్ననే చూశాను నీ గ్యారేజీలో, బోల్టూ ఉంది, నీ చుక్కా ఉంది అన్నాడు. అది తర్వాత నేనే వేశానన్నాను. అతను జాలిగా నా చెయ్యి మీద చెయ్యి వేశాడు.

లినెట్ నవ్వలేదు. ఎప్పటినుంచి తెలుసు నీకు అని అడిగింది.

మే నుంచి అన్నాను.

లేచింది. నా ముందున్న కప్పు తీసుకుంది. సగం టీ ఉంది అందులో. సింక్‌లో పారబోసి, కడిగి, తుడిచి, అల్మరాలో పెట్టింది. అల్మరా తలుపు మూసి దానికేసి చూస్తూ నిలబడింది. నేను వచ్చేశాను.

ఆగస్టు 29, సోమవారం

బ్యాంక్ హాలిడే, ఊరంతా సెలవు. లినెట్ నాతో మాట్లాడదు. టెరీ మాట్లాడతాడు కానీ నమ్మడు. సాక్ష్యాన్ని నేనే బిగించి చుక్క పెట్టాను. ఇప్పుడు ఎవరికి చెప్పినా, తమ్ముడి ఉద్యోగం కోసం అక్క ఆడుతున్న అబద్ధమే అది. అబద్ధం ఆడినప్పుడు అందరూ నమ్మారు.

సెప్టెంబర్ 3, శనివారం

కొండ రోడ్డు మీద వెతుకుతున్నాను. పసుపు చుక్క లేని బోల్టు కోసం. ఎక్కడో ఊడి పడే ఉంటుంది. గడ్డిలో, గుంటల్లో, గోడ రాళ్ల కింద. బీరు మూతలు దొరికాయి, గుర్రపు నాడా ఒకటి దొరికింది. కార్లు పక్కనుంచి పోతూ హారన్ కొడుతున్నాయి.

సెప్టెంబర్ 10, శనివారం

ఇవాళా వెళ్లాను. వర్షం. మోకాళ్ల మీద గడ్డి విడదీస్తూ తల ఎత్తితే రోడ్డుకి అవతలి వైపు లినెట్. రబ్బరు బూట్లు, షాపు యూనిఫారం మీద రెయిన్ కోటు. ఆమె కూడా వంగి గడ్డి విడదీస్తోంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. నేను ఈ వైపు, ఆమె ఆ వైపు, కొండ దిగేదాకా వెతికాం. దొరకలేదు.

కింద తన కారు తలుపు తీసి పట్టుకుంది. ఎక్కాను. దారంతా వైపర్ల చప్పుడు. మా ఇంటి ముందు ఆపి, తిన్నగా ముందుకి చూస్తూ అంది:

"రోజూ రాత్రి టెరీ ఊపిరి ఆడుతోందో లేదో చెయ్యి పెట్టి చూస్తున్నాను. మే నుంచి. నీకు తెలుసా ఆ సంగతి?"

తెలియదు అన్నాను.

"ఇప్పుడు తెలిసింది కదా. దిగు."

సెప్టెంబర్ 13, మంగళవారం

ఎందుకు ఇంతకు ముందే తోచలేదు? కొండ మీంచి కారుని ట్రెయిలర్ ఎక్కించింది నెవిల్. నేను బోల్టు వెయ్యకముందు దాన్ని ముట్టుకున్న మనిషి అతనొక్కడే. వెళ్లి అంతా చెప్పాను. తోటలో బంగాళాదుంపలు తవ్వుతున్నాడు. తవ్వడం ఆపకుండానే విన్నాడు.

ట్రెయిలర్ ఎక్కించేటప్పుడు స్టీరింగ్ ఊరికే తిరిగింది అమ్మాయ్, గోడ దెబ్బకి ఊడిందనుకున్నా అన్నాడు. జూన్‌లో వచ్చి చూస్తే బిగిసి ఉంది, బురదలో ఒక్క బోల్టు మాత్రం కడిగిన ముత్యంలా ఉంది అన్నాడు. మరి అప్పుడే ఎందుకు అడగలేదు అన్నాను. నువ్వే చెబుతావని అనుకున్నా అన్నాడు. పార నేలలో గుచ్చి, కానీ నువ్వు చాలా ఆలస్యం చేశావ్, నేనూ చేశాను అన్నాడు.

సెప్టెంబర్ 17, శనివారం

నెవిల్ టెరీని తీసుకుని వచ్చాడు. నా ముందే జాయింట్ విప్పాడు. టెరీ చేతిలో పెట్టాడు. దెబ్బకి ఊడితే లోహం చిరగాలి, ఇక్కడ జాయింట్ లోపలి పళ్ల మీద నున్నగా జారిన గీతలున్నాయి చూడు అన్నాడు. డాక్టర్లకి తను చూసింది రాసి సంతకం పెట్టి ఇస్తానన్నాడు.

టెరీ ఆ ముక్కని వేళ్లతో తడిమాడు. తర్వాత రెండు చేతులూ చాపి, లేని స్టీరింగ్‌ని పట్టుకుని ఎడమకి తిప్పాడు. ఇంకా తిప్పాడు. మొహం మారిపోయింది. తిప్పానే అన్నాడు. తిప్పాను కదా.

నేను పేరు పెట్టి పిలిచాను. నా వైపు చూడలేదు. నెవిల్, నన్ను ఇంటి దగ్గర దింపు అన్నాడు.

అతను నన్ను నమ్మిన మొదటి రోజు ఇదే.

అక్టోబర్ 30, ఆదివారం

టెరీ ఫోన్ ఎత్తడు. ఫ్లాట్‌కి వెళ్తే లినెట్ తలుపు తీసి, లోపలే ఉన్నాడు, కానీ రాడు అంది. ఆమె ఇప్పుడు నాతో మాట్లాడుతోంది. అంతా తిరగబడింది. గడియ పెట్టుకుని స్నానం చేస్తున్నాడని మాత్రం చెప్పింది. మనవరాలిని భుజాల మీద ఎక్కించుకుని పార్కుకి తీసుకెళ్తున్నాడని కూడా. గుమ్మంలో నిలబడే ఏడ్చాను. లినెట్ లోపలికి రమ్మనలేదు, తలుపూ వెయ్యలేదు.

డిసెంబర్ 25, ఆదివారం

చికెన్ ముక్క ఒకటి కాల్చుకున్నాను. సోఫా ఒకటి పూర్తి చేశాను. పండగ రోజు పని చెయ్యకూడదంటారు, మరేం చెయ్యాలి?

ఫిబ్రవరి 9, గురువారం

లైసెన్స్ వచ్చింది, సోమవారం నుంచి బస్సు ఇస్తున్నారు. లినెట్ మెసేజ్. చివర ముద్దు గుర్తు లేదు. ఇంతకు ముందు ఉండేది.

మార్చి 15, బుధవారం

మా వీధి చివర స్టాపు నుంచి టెరీ బస్సు రోజూ పోతుంది. ఇన్నాళ్లూ కిటికీలోంచి చూస్తున్నాను. ఇవాళ కోటు వేసుకుని స్టాపులో నిలబడ్డాను. పోనిచ్చేస్తాడనుకున్నాను. ఆగింది. తలుపు తెరుచుకుంది.

ఎక్కడికి అన్నాడు, అందర్నీ అడిగినట్టే. చివరిదాకా అన్నాను. టికెట్ ఇచ్చాడు.

అతని వెనక సీట్లో కూర్చున్నాను. మలుపులు చూశాను. ఎంత మెత్తగా తిప్పుతాడో! ఒక ముసలావిడ చేతిలో గుడ్ల అట్ట ఉంది, ఒక్క గుడ్డూ చప్పుడు చెయ్యలేదు. ప్రతి మలుపులో నా రెండు పాదాలూ నేలకి తన్నిపెట్టి ఉన్నాయని చివరి స్టాపులో గానీ గమనించలేదు.

అందరూ దిగారు. నేను దిగలేదు. ఇంజన్ ఆపాడు. అద్దంలో నా వైపు చూశాడు.

"నేనేమో పిల్లల్ని చంపబోయి తప్పించుకున్నవాడినని అనుకుని నాలుగు నెలలు బతికాను. నా కోపం గోడ గుద్దినందుకు కాదు గ్లెన్. గోడదేముంది. దీనికి."

అవును అన్నాను. చాలా మాటలు దాచుకుని వెళ్లాను, ఒక్కటీ పనికిరాలేదు.

తిరుగు ట్రిప్పు టైమైంది. ఎవరో తలుపు తట్టారు. తలుపు తెరుస్తూ, ఆదివారం గ్యారేజీ తాళం తీసి ఉంచు అన్నాడు. నువ్వు మాత్రం దేన్నీ ముట్టుకోకు.

మార్చి 19, ఆదివారం

టెరీ వచ్చాడు. నన్ను కారులో కూర్చోమన్నాడు. తను కింద పడుకుని, జాయింట్ బోల్టు తనే బిగించి, చక్రాల వైపు చూశాడు. కుడికి అన్నాడు. తిప్పాను. ఎడమకి. తిప్పాను. మళ్లీ కుడికి. పొద్దుటినుంచి తిప్పుతూనే ఉన్నాను. చాలు అనలేదు. టీకి లేచాం. మళ్లీ కూర్చోమన్నాడు.